మెట్ల కింది బ్యాకప్

"బ్యాకప్ లేదాండీ?" అని అడిగాడు రిపేరు షాపతను.

"ఉంది. మెట్ల కింద ఉంది. బ్యాటరీ మార్చి మూడేళ్ళు కూడా కాలేదు," అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. నవ్వబోయి ఆగిపోయాడు. అతని చేతిలో మా ఇంటి కంప్యూటర్ లోంచి తీసిన హార్డ్ డిస్క్ ఉంది. కరెంటు ఇస్తే అది టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగిపోతోంది. దాన్ని బల్ల మీద పెట్టి, తాను అడిగింది ఇన్వర్టర్ గురించి కాదని నెమ్మదిగా చెప్పాడు. ఇందులో ఉన్న ఫైళ్ళు ఇంకెక్కడైనా, ఇంకో డిస్క్ లోనో నెట్ లోనో, కాపీ చేసి ఉంచారా అని అడిగాడు. బ్యాకప్ అంటే అదట.

గుంటూరులో ఆ మాటకు నాకు తెలిసిన అర్థం ఒక్కటే. కరెంటు పోయాక ఫ్యాను ఎంతసేపు తిరుగుతుందన్నదే బ్యాకప్. "మీది ఎంత బ్యాకప్ వస్తుంది?" అని పక్కింటివాళ్ళు అడుగుతారు, "నాలుగు గంటలు" అంటాం. నలభై డిగ్రీల ఎండలో కరెంటు తీసేసే ఊళ్ళో ఆ మాట అంతకు మించి దేనికీ అవసరం పడలేదు. ముప్ఫై ఏళ్ళు గ్రంథాలయంలో పనిచేసినవాణ్ణి. ఒక మాటకు రెండర్థాలు ఉండొచ్చన్న అనుమానం నాకైనా రావాలి. రాలేదు.

షాపు బయట మెట్టు మీద కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఈ ప్రశ్న నన్ను అంతకు ముందే ఒకరు అడిగారని.

నా భార్య జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరు. పదకొండేళ్ళపాటు సెలవు రోజుల్లో మిరప మాటలు సేకరించింది. కల్లాల్లో కాయ ఆరబోసేవాళ్ళ దగ్గరికి, మిర్చి యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళ దగ్గరికి, కోత కూలీల దగ్గరికి వెళ్ళి, ఒక్కో వస్తువును చూపించి దాన్నేమంటారని అడిగేది. వాళ్ళు చెప్పింది ఫోన్ లో రికార్డు చేసేది. ఇంటికొచ్చి ఆ మాటను టైపు చేసి, అర్థం రాసి, రికార్డింగుకు ఆ మాటే పేరు పెట్టి కంప్యూటర్లో దాచేది. అచ్చు వేయిద్దామని ఎవరూ అడగలేదు, తనూ ఎవర్నీ అడగలేదు. ముందు పూర్తి కానీ అనేది.

ఒక వేసవి మధ్యాహ్నం తను టైపు చేస్తుండగా కరెంటు పోయింది. కంప్యూటర్ ఆగలేదు. తను తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అడిగింది:

"ఏమండీ, ఇవన్నీ పోవు కదా? బ్యాకప్ ఉందిగా?"

"ఉందిలే. మొన్ననే కొత్తది పెట్టించా."

"ఎక్కడ పెట్టించారు?"

"మెట్ల కింద."

టైపు చేయడం ఆపింది. "ఇంట్లోనేనా? ఇంకో చోట పెడితే నయం కదండీ. ఈ ఇంటికే ఏదన్నా అయితే?"

నేను నవ్వాను. బాగా నవ్వాను. "ఇంకోళ్ళింట్లో పెడితే మనకేం ఉపయోగం?" అన్నాను.

తను మళ్ళీ టైపు చేసుకుంటూ పోయింది. కంప్యూటర్ కొన్నదీ తెలుగు అక్షరాలు పెట్టించిందీ నేనే. వైర్లు, ప్లగ్గులు, బిల్లులు నావి, మాటలు తనవి. ఆ పంపకం మాకు అలవాటు. మెట్ల కింద ఒక పెట్టె ఉందనీ, రోజూ రాసింది రోజూ అందులోకి వెళ్తోందనీ నమ్మింది. తర్వాత రెండేళ్ళు అలాగే నమ్మి పనిచేసింది. జ్వరమని ఆసుపత్రిలో చేరి పదకొండు రోజులకు చనిపోయింది. తొమ్మిదో రోజున, మాటా తెలివీ ఉండగా, "ఫైళ్ళు భద్రమేగా?" అని అడిగింది. "నీకెందుకు, అన్నీ ఉన్నాయి," అన్నాను.

తను పోయిన ఏడు నెలలకు డిస్క్ పోయింది. ఆ ఏడు నెలల్లో నేను ఆ కంప్యూటర్ తెరవనే లేదు. తెరిస్తే తన గొంతు వినిపిస్తుందని భయం. ప్రతి రికార్డింగూ తన ప్రశ్నతోనే మొదలవుతుంది. "దీన్నేమంటారమ్మా?" ఆ తర్వాత దగ్గు వస్తుంది. మిరపకాయల మధ్య కూర్చుని మాట్లాడితే అడిగేవాళ్ళకూ చెప్పేవాళ్ళకూ దగ్గు తప్పదు. వినలేనని దాచిపెట్టుకున్నాను, అంతే. దాచానని అనుకున్నాను.

డిస్క్ ను హైదరాబాదు పంపించారు. అక్కడా ఏమీ రాలేదన్నారు.

అప్పుడు జనం నాతో అన్న మాటలు ఇంకా మర్చిపోలేదు. మనిషే పోయాక ఫైళ్ళెంత అన్నారు. జ్ఞాపకాలు మనసులో ఉంటాయిగా అన్నారు. ఇలాంటివి అనేవాళ్ళ ఇళ్ళల్లో పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సులు నాలుగేసి ఉంటాయి. మనసులో ఉంటాయిలే అని పొలం కాగితాలు ఎవరూ పారేసుకోరు. నా మనసులో ఏముందో నాకు తెలుసు. బొబ్బర తెగులు సోకిన మిరపాకు గురించి ఒక ముసలామె చెప్పిన వర్ణనను తను నాకు రెండుసార్లు వినిపించింది. అద్భుతంగా ఉందని రెండుసార్లూ అన్నాను. ఇప్పుడు అందులో ఒక్క ముక్క గుర్తులేదు. అద్భుతంగా ఉందని నేనన్నది మాత్రం గుర్తుంది.

అన్నీ పోలేదు. తనతో పనిచేసిన సైన్సు టీచరు ఒకామె ఈ సంగతి విని ఫోన్ చేసింది. అచ్చుతప్పులు చూడమని నా భార్య ఆమెకు ఒక పెన్ డ్రైవ్ ఇచ్చిందట. స్టాఫ్ రూము బీరువాలోనే ఉండిపోయిందట. మొత్తం సేకరణ కాదు, అకారాది క్రమంలో సరిచేసినంతవరకు. అ నుంచి త వరకు. రెండు వందల పన్నెండు మాటలు, వాటి రికార్డింగులు. చివరిది తొడిమ. ద నుంచి చివరిదాకా ఏమీ లేదు.

పెన్ డ్రైవ్ తెచ్చుకుని రెండు రోజులు చొక్కా జేబులో పెట్టుకు తిరిగాను. మూడో రోజు చొక్కా తడిపే ముందు జేబు చూసుకుంటే అందులోనే ఉంది. ఉన్నదల్లా ఆ ఒక్కటే. మా గ్రంథాలయంలో ఒకే ప్రతి ఉన్న పుస్తకాన్ని బయటికి ఇచ్చేవాళ్ళం కాదు. ఎంత పెద్దమనిషి అడిగినా అక్కడే కూర్చుని చదువుకోమనేవాణ్ణి. అలాంటివాణ్ణి మా ఇంట్లో ఉన్న ఒకే ప్రతిని బట్టల సబ్బు దాకా తీసుకెళ్ళాను.

అప్పుడు బ్యాకప్ కొనడానికి బయల్దేరాను. అసలు అర్థంలో.

మొదట ఫోన్ లోనే చూశాను. మీ జ్ఞాపకాలు మా దగ్గర భద్రం అని ఒక కంపెనీ. నెలకు ఒక పూట టిఫిను ఖరీదు. చేరాను. నాలుగో రోజు పొద్దున పళ్ళు తోముకుంటుంటే ఫోన్ దానంతటదే నా భార్య ఫోటోలు ఏరి, వెనక వయొలిన్ పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి చూపించింది. ఆసుపత్రిలో తీసిన ఫోటో కూడా అందులో ఉంది. పైన "మధుర క్షణాలు" అని రాసి ఉంది. ఎవడు చెప్పమన్నాడు దానికి? దాచిపెట్టమని ఇచ్చినవాటిని తెరిచి, బాణీ కట్టి పాడమన్నానా? పెట్టె అప్పగిస్తే మూత తీసి చూడకూడదన్నది మా ఊళ్ళో కోల్డ్ స్టోరేజీ వాచ్‌మనుకు కూడా తెలుసు. అదే రోజు మానేశాను. మానేస్తున్నందుకు చింతిస్తున్నామని ఒక ఏడుపు బొమ్మ పంపారు.

ఇంకొకరు ఒక్కసారి కడితే జీవితకాలం అన్నారు. నాకు ఆశ పుట్టింది. మాకు పిల్లలు లేరు. నెలనెలా కట్టేది నేను బతికున్నంతకాలమే నడుస్తుంది. నా కార్డు ఆగిపోతే కొంత గడువిచ్చి తుడిచేస్తామని అందరి షరతుల్లోనూ ఉంది. చవక అంటే నెల అద్దె తక్కువగా ఉండడం కాదని అప్పటికే అర్థమైంది. నా తర్వాత కట్టేవాళ్ళు లేకపోయినా నిలబడేదే నాకు చవక. అందుకని ఆ జీవితకాలం ఎవరిదని రాసి అడిగాను. నాదా, నా ఫైళ్ళదా, మీ కంపెనీదా? రెండు రోజులకు జవాబు వచ్చింది. ఆ పథకం అమలులో ఉన్నంతకాలం అట. అంటే వాళ్ళు మూసేసేదాకా. దానికి జీవితమని పేరు పెట్టడానికి నోరెలా వచ్చిందో.

మూడోది నిజంగా చవక. నమ్మకమైనదని ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఈసారి తొందరపడలేదు. దాచడం కాదు, తిరిగి తెచ్చుకోగలగడమే అసలు పరీక్ష అని ఎక్కడో చదివాను. రెండు వందల పన్నెండు ఫైళ్ళూ ఎక్కించి, మర్నాడు దింపుకున్నాను.

అన్నీ వచ్చాయి. పేర్లే రాలేదు. తాలు అని ఉండాల్సిన చోట నాలుగు గీతలు. కల్లం అని ఉండాల్సిన చోట ఐదు గీతలు. తొడిమకూ ఐదే. తెలుగు అక్షరం, గుణింతం, ఒత్తు, సున్న ఏది ఉన్నా ఒక్కోదానికి ఒక అడ్డగీత పెట్టి, ఒకేలా ఉన్నవాటికి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి ఇచ్చారు. పదకొండేళ్ళు ఒక మనిషి ఎండలో తిరిగింది ఆ పేర్ల కోసం. వాటినే తీసేసి మిగతాది భద్రంగా ఉందన్నారు.

ఫిర్యాదు రాశాను. మర్యాదగా జవాబు వచ్చింది. ఫైళ్ళకు ఇంగ్లీషులో పేర్లు పెట్టుకుంటే ఈ సమస్య రాదు అని. నేను అప్పుడు ఏం టైపు చేశానో ఇక్కడ రాయను. పంపలేదు కూడా. అవతల జవాబిచ్చేది మనిషో యంత్రమో తెలియనప్పుడు తిట్టినా తృప్తి ఉండదు.

ఆ వారంలోనే ఇన్వర్టర్ కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, మీకు బ్యాకప్ బాగా వస్తోందా అండీ?" ఆ అమ్మాయి తప్పేం లేదు. బాగా వస్తోందని చెప్పి పెట్టేశాను. అది నిజమే. ఆ బ్యాటరీ ఒక్కరోజు కూడా మోసం చెయ్యలేదు.

మా బావమరిది, నా భార్య తమ్ముడు, పర్చూరు వైపు ఒక ఊళ్ళో మిరప, పత్తి వేస్తాడు. రికార్డింగులు కొన్ని పోయాయని మాత్రమే అతనికి చెప్పాను. ఎలా పోయాయో చెప్పలేదు. మిషన్ పాడైందంటే నమ్మాడు. మిషన్లు పాడవడం రైతుకు కొత్త కాదు. కంపెనీలతో విసిగాక రెండు చిన్న డిస్కులు కొన్నాను. రెండింట్లోకీ అన్నీ ఎక్కించి, ఒకటి ఇంట్లో ఉంచి, రెండోది పట్టుకుని చిలకలూరిపేట మీదుగా బస్సులో వాళ్ళ ఊరు వెళ్ళాను. ఇంకో చోట పెడితే నయం కదండీ అని తను అన్నది ఇదే. మూడేళ్ళు ఆలస్యంగా చేస్తున్నాను.

వరండాలో కూర్చున్నాక డిస్క్ చేతికిచ్చి, ఇది ఇక్కడెందుకు ఉంచాలో చెప్పడం మొదలుపెట్టాను. చెప్పేకొద్దీ మిగతాదీ చెప్పాల్సి వచ్చింది. అక్క అడిగిందనీ, నేను బ్యాటరీ అనుకున్నాననీ, నవ్వాననీ, ఆసుపత్రిలో మళ్ళీ అడిగితే అన్నీ ఉన్నాయన్నాననీ చెప్పాను. నా మాట మధ్యలో అతను లేచి నిలబడ్డాడు. నన్ను ఎప్పుడూ మీరు అనే మనిషి.

"అక్క అడిగిందా?"

"అడిగింది."

"వేరే చోట పెట్టమని కూడా అందా?"

"అంది."

"అంటే నవ్వావా?" వీధిలోకి వినపడేంత గట్టిగా అన్నాడు. "మేం కాయంతా ఒక్క కోల్డ్ స్టోరేజీలో పెడతామా బావా? సగం ఇక్కడా సగం అక్కడా పెడతాం. ఒకటి తగలబడితే రెండోదన్నా ఉంటదని. ఏలిముద్ర వేసేవాడిక్కూడా తెలుసు ఆ సంగతి. ఇన్ని పుస్తకాలు చదివి నీకు తెలవలేదా?"

"తెలియలేదు."

"అక్కకు తెలుసు. రైతు ఇంట్లో పుట్టింది కాబట్టి తెలుసు. అడిగితే నవ్వావు."

అతని భార్య లోపల్నుంచి వచ్చి, అన్నయ్యగారితో అలాగేనా మాట్లాడేదని కోప్పడింది. మాట్లాడనిమ్మన్నాను. ఏడాదిగా అందరూ నన్ను ఓదార్చారు. నా మీద కోప్పడిన మొదటి మనిషి ఇతనే. నేను చేసింది ఏమిటో ఉన్నది ఉన్నట్టు ఎవరైనా పైకి చెప్పేదాకా నాకు ఊపిరాడడం లేదని అప్పటిదాకా నాకే తెలియదు.

అతను పెరట్లోకి వెళ్ళి కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చాడు. క్షమించమనలేదు. నేనూ ఆశించలేదు. "అది పని చేస్తందో లేదో చూద్దాం పట్టు," అన్నాడు.

నా లాప్‌టాప్ కు డిస్క్ తగిలించాను. పేర్లన్నీ తెలుగులోనే ఉన్నాయి. అంకురం, అంటు, అచ్చుకాయ... వరసగా కిందికి వెళ్ళి చివరిది తెరిచాను. ఈ పెన్ డ్రైవ్ దొరికాక కూడా నేను వినని ఫైలు అది. చివరిది వింటే అయిపోతుందని వాయిదా వేస్తూ వచ్చాను.

"దీన్నేమంటారమ్మా?" నా భార్య గొంతు. తర్వాత దగ్గు. ఎవరో ఆడమనిషి నవ్వింది. "తొడిమ కూడా తెలీదా టీచరమ్మా? పొద్దున్నుంచీ తీస్తంది అదేగా." ఆవిడ తొడిమ ఎలా గిల్లాలో, గోరు ఎక్కడ పెట్టాలో, తడి కాయకూ ఎండు కాయకూ తేడా ఏమిటో చెప్పింది. సాయంత్రానికి వేళ్ళు మండుతుంటే ఏం చేస్తారో చెప్పింది. అంతా అయ్యాక నా భార్య తనకోసం తను చెప్పుకున్నట్టు ఒక మాట అంది: "ముచ్చిక కూడా చూడాలి." అక్కడితో ఆగిపోయింది.

నిఘంటువుల్లో ఒక మాట దగ్గర ఇంకో మాట చూడమని ఉంటుంది. జీవితమంతా అలాంటివి వెతికిపెట్టడమే నా ఉద్యోగం. ముచ్చిక మ లో ఉంటుంది. మ లేదు.

బావమరిది భార్యే ముందు అంది, ముచ్చిక అంటే తొడిమ ఒక్కటే కాదని. కాయను పట్టుకుని టోపీలాగా ఉంటుందే, దానితో కలిపి ముచ్చిక అంటారట. తొడిమ తియ్యమంటే కాడ మటుకే తీస్తారట, ముచ్చిక తియ్యమంటే టోపీతో సహా లాగాలట. అలా లాగితే గింజలు బయటికొస్తాయనీ, కాయ రేటు పడిపోతుందనీ, తెలియని కూలీలు అక్కడే తిట్లు తింటారనీ చెప్పింది. పెళ్ళికి ముందు తనూ తొడిమలకు వెళ్ళేదట. నాకు ఆ సంగతి తెలియదు. వాళ్ళింటికి ఇరవై ఏళ్ళుగా వస్తున్నాను, ఆమెను ఏమీ అడిగింది లేదు.

ఫోన్ తీసి మళ్ళీ చెప్పమన్నాను. సిగ్గుపడింది. ఒక ఎండుమిరపకాయ తెచ్చి చేతిలో పెట్టుకుంది. ఏం అడగాలో నాకు తెలుసు కానీ నోరు తిరగలేదు.

"అడుగు," అన్నాడు బావమరిది. గొంతులో కోపం ఇంకా అలాగే ఉంది. "అక్క ఎట్లా అడిగేదో అట్లా అడుగు."

అడిగాను.

ఆ రికార్డింగును నా భార్య ఫైళ్ళలో కలపలేదు. తన మాటలు రెండు వందల పన్నెండే, అవి అలాగే ఉంటాయి. దీనికి పక్కన వేరే ఫోల్డర్ తెరిచి, ముచ్చిక అని పేరు పెట్టి, రెండు డిస్కుల్లోనూ ఎక్కించాను. తెలుగు పేర్లను పాడు చెయ్యని ఒక చవక కంపెనీ కూడా చివరికి దొరికింది. దానికి కొన్నేళ్ళ అద్దె ముందే కట్టి, నా తర్వాత అడగాల్సిన మనిషిగా బావమరిది నంబరిచ్చాను. ఫైళ్ళకు రహస్య సంకేతం పెట్టుకోమని వాళ్ళు సలహా ఇచ్చారు. పెట్టలేదు. తొడిమలు తీసేవాళ్ళ మాటల్లో దాచాల్సినదేమీ లేదు. నేను పోయాక తాళంచెవి వెతుక్కునే అవస్థ ఎవరికీ ఉండకూడదు.

అతని దగ్గరి డిస్క్ బీరువాలో, పొలం కాగితాల పక్కన ఉంది. నెలకోసారి వెళ్ళి మార్చుకొస్తాను. వెళ్ళడం ఆలస్యమైతే ఫోన్ చేస్తాడు. బాగున్నారా అని అడగడు. "పెట్టె మార్చాల బావా," అంటాడు. వెళ్ళినప్పుడల్లా ఆ వీధిలో ఎవరో ఒకరి దగ్గర కూర్చుని ద నుంచి మొదలుపెట్టి అడుగుతున్నాను. కొందరు చెబుతారు, కొందరు పనుందని పొమ్మంటారు. దగ్గు మాత్రం అందరి దగ్గరా వస్తోంది.